రెండువందల పన్నెండో పేజీ

తూకం యంత్రాలు బాగుచేసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడ ఏ తేడా వచ్చినా తప్పు సరుకుది కాదు, కాటాది అంటారు. ఈ కథలో అల్లుడికి ఆ జబ్బు బాగా ముదిరింది. వీధిలో అతన్ని అందరూ తూకాలాయన అనే పిలుస్తారు. కూరగాయల బండి మీది చిన్న కాటా దగ్గర్నుంచి గోదాములో లారీని తూచే పెద్ద కాటా దాకా అతని చేతి మీదుగానే పోవాలి. తన బల్ల మీదికి వచ్చిన యంత్రం బాగుపడకుండా తిరిగి వెళ్లిన దాఖలా పద్దెనిమిదేళ్లలో లేదని అతను చెప్పుకుంటాడు. వినేవాళ్లు కూడా కాదనరు.

అత్తగారు కూతురి దగ్గర, వాళ్లింట్లోనే ఉంటుంది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసింది. సబ్బునీళ్లకీ వేడికీ ఆవిడ వేళ్ల కొసలు నున్నగా, పొడిగా, గట్టిగా తయారయ్యాయి. పొయ్యి మీది గిన్నెని ఉత్త చేతుల్తో దింపేస్తుంది. ఏదో కార్డు కోసం వేలిముద్రలు తీసుకునే ఆఫీసుకి వెళితే, "మీకు ముద్రలే లేవమ్మా" అన్నారట. ఇక తను ఏ నేరం చేసినా దొరకనని ఆవిడ అప్పటినుంచీ ఇంటికొచ్చినవాళ్లకల్లా చెబుతూ ఉంటుంది.

చూపు మందగించి, అచ్చు పుస్తకంలో అక్షరాలు చీమల్లా కనిపించడం మొదలయ్యాక, కూతురు ఆవిడకి పుస్తకాన్ని తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించే ఈ-రీడరు ఒకటి కొనిచ్చింది. ఇంట్లో దాని పేరు పలక. అందులో ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. రోజుకో పేజీ చొప్పున ఏడాది చదవవలసిన ప్రార్థనల పుస్తకం. దేవుడు ఎదురుగా కూర్చుని మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఉదయం ఏడు గంటలకు ఆవిడ కిటికీ పక్కనున్న చెక్క అలమర ముందు కూర్చుని, పలక అట్ట తెరిచి, ఆ రోజు పేజీ పెదాలు కదుపుతూ మూడుసార్లు చదివి, తెర మీద వేలు ఆనించి మర్నాటి పేజీ తిప్పి, మూసి, పైన తెల్లగుడ్డ కప్పుతుంది.

చిక్కంతా వేలు ఆనించే దగ్గర వచ్చింది. ఆవిడ వేలు పలకకి ఆనదు. ఒకరోజు పేజీ తిరుగుతుంది, రెండు రోజులు తిరగదు. ఆవిడ దీనికి కారణం యంత్రంలో వెతకలేదు, తనలో వెతుక్కుంది. వెతుక్కుని ఒక నియమం పెట్టుకుంది. మూడుసార్లు వేలు ఆనించినా పేజీ తిరగలేదంటే, అది మనసుపెట్టి చదవలేదని అర్థం. మర్నాడు మళ్లీ అదే పేజీ. ఆ లెక్కన ఏడాది పుస్తకానికి మూడో ఏడు నడుస్తోంది. ఓపిక గురించి చెప్పిన పేజీ అయితే పంతొమ్మిది రోజులపాటు తిరగలేదు.

కూతురు బడిలో లెక్కల పంతులమ్మ. తనకి తోచిన ఉపాయాలు తనూ చెప్పింది. రబ్బరు మొన ఉన్న పెన్ను తెచ్చి ఇస్తే, దేవుడి మాటని కర్రతో పొడుస్తామా అని తల్లి దాన్ని పక్కన పెట్టేసింది. పోనీ నేను తిప్పుతానంటే, నువ్వు తిప్పితే నువ్వు చదివినట్టు, నేను చదివినట్టు ఎలా అవుతుంది, ఇంకొకరు తిప్పకూడదు అంది.

ఇదంతా అల్లుడు వింటూ ఊరుకున్నాడు. కాని ఒకరోజు ఉదయం ఆవిడ పలక మూసి, గుడ్డ కప్పి, అక్కడే కూర్చుండిపోయి అంది: "నా చదువులోనే ఏదో లోపం ఉంది బాబూ. ముప్పై ఏళ్లు చేసిన పనిలో ఒక్క మరక మిగల్చలేదు. ఇది మాత్రం చేతకావడం లేదు."

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. సరుకు సరిగ్గా ఉండి కాటా తక్కువ చూపిస్తే దుకాణదారు మీద పడి అరిచే మనిషి అతను. ఒక పెద్దావిడ భక్తిని మూడేళ్లుగా ఏదో యంత్రం తక్కువ తూస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాడు? ఆ రోజే షాపులో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

పాత ఈ-రీడర్లను విప్పి బాగుచేసుకునేవాళ్ల బృందం ఒకటి ఇంటర్నెట్లో ఉంది. అందులో తాబేలు అనే మారుపేరుతో ఒకాయన ఉన్నాడు. ఏ దేశమో, ఏ వయసో ఎవరికీ తెలియదు. రోజుకి ఒక్కసారి జవాబిస్తాడు, అదీ రెండు వాక్యాలకు మించదు. అల్లుడు సంగతంతా రాశాడు. మర్నాడు జవాబు వచ్చింది. "వేలు ఎంత గట్టిగా తగిలితే వేలు అనుకోవాలో చెప్పే అంకె సెట్టింగులలో లేదు. అది కెర్నెల్‌లో ఉంది."

కెర్నెల్ అంటే ఏమిటని భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది. మీట నొక్కగానే అందరికంటే ముందు లేచి, తెరని లేపి, బ్యాటరీ సంగతి కనుక్కుని, ఎవరి వేలు ఎక్కడ తగిలిందో చూసుకుని, మిగతా ప్రోగ్రాములన్నిటినీ ఒక్కొక్కటే లేపి పనిలో పెట్టేదాన్ని కెర్నెల్ అంటారని, అదంతా చేస్తున్నా బయటికి కనపడదని అతను వివరించాడు.

"అయితే నేనన్నమాట," అంది భార్య.

పలక చేసిన కంపెనీ తన కెర్నెల్ రాతప్రతిని నలుగురూ చూసుకునేలా బయట పెట్టింది. లైనక్స్ అనే ఉచిత కెర్నెల్ వాడినవాళ్లు అలా పెట్టి తీరాలని షరతు ఉందట. అతను దాన్ని దించుకున్నాడు. వేల ఫైళ్లు. వారం రోజులు వెతికితే స్పర్శ సంగతి చూసే ఫైల్లో ఒక వరుస దొరికింది. అరవై. అరవై కంటే తక్కువ తగిలితే అది వేలు కాదు, తుడిచిపెట్టెయ్యి అని దాని భావం. అతనికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు చాకిరీ చేసిన వేలు వీళ్ల లెక్కలో వేలే కాదన్నమాట.

మార్చవలసింది ఒక్క అంకె. కాని ఒక్క అంకె మార్చినా ఆ వేల ఫైళ్లన్నిటినీ పలకకు అర్థమయ్యే భాషలోకి మళ్లీ దింపాలి. దాన్నే కంపైలు చెయ్యడం అంటారు. షాపులోని ముసలి ల్యాప్‌టాప్‌కి ఆ పని నాలుగు గంటలు పట్టింది. లోపలి ఫ్యాను రోకలిబండతో దంచినట్టు మోత పెడుతుంటే, సెలవు రోజున వీధిలో పోయేవాళ్లు పిండిమర కూడా పెట్టారా అని అడిగారు. మొదటి ఆదివారం ఏదో ఫైలు లేదని సగంలో ఆగిపోయింది. ఆ ఫైలు ఎందుకు లేదో అంతుచిక్కలేదు. సోమవారం చూస్తే ఉంది. రెండో ఆదివారం కంపైలు పూర్తయింది.

ఆ మధ్యాహ్నం అత్తగారు భోంచేసి నడుం వాల్చింది. అతను ల్యాప్‌టాప్‌ని షాపు నుంచి తెచ్చి, తెల్లగుడ్డ తీసి, పలకని కేబులుతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, పాత కెర్నెల్ ఉన్నచోట కొత్తది ఎక్కించాడు. పాతదాన్ని ముందు ఒక నకలు తీసి దాచుకోమని తాబేలు ఏనాడో చెప్పాడు. కాటాకి ఎవరైనా నకలు తీస్తారా అనుకుని ఇతను తియ్యలేదు. అది ఒక తప్పు. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. తూకాలవాళ్ల చేతులు వాటంతట అవే చేసే పని ఒకటుంది. ఏ యంత్రం ముట్టుకున్నా ముందు సున్నా చేస్తారు. సున్నా చేశాకే బరువు పెట్టి చూస్తారు. అతను అరవైని చెరిపేసి, తనకి తెలియకుండానే, సున్నా కొట్టి ఉన్నాడు.

మీట నొక్కాడు. పలక ఉలకలేదు, పలకలేదు. పది సెకండ్లు నొక్కి పట్టుకున్నాడు. ఛార్జింగు పెట్టి చూశాడు. లాభం లేదు. కాని తెర మీద మాత్రం రెండువందల పన్నెండో పేజీ నిక్షేపంలా ఉంది.

ఇలాంటి తెరల సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. వీటికి పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి, మారాక అక్కర్లేదు. బ్యాటరీ ఊడదీసినా చివరి పేజీ కాగితం మీద అచ్చేసినట్టు అలాగే నిలిచిపోతుంది. ప్రాణం పోయినా ముఖం వాడదు. అతను ఆ పేజీ మొదటి వరుస చదివాడు. "నీ తలుపు నువ్వే మూసుకుని, ఎవరూ రాలేదని నాతో చెప్పకు." పలకని జాగ్రత్తగా మూసి, ఉన్నచోట పెట్టి, గుడ్డ కప్పాడు. రేపు ఏడు గంటలకు తన పరువు ఈ కిటికీ పక్కనే పోతుందనుకున్నాడు.

సోమవారం ఏడు గంటలకు అత్తగారు అట్ట తెరిచింది, మూడుసార్లు చదివింది, మూడుసార్లు వేలు ఆనించింది. పేజీ తిరగలేదు. నిట్టూర్చి గుడ్డ కప్పింది. గుమ్మం పక్కన నిలబడ్డ అల్లుడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆవిడ నియమమే తనని కాపాడింది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. మూడేళ్లుగా ఆవిడకి జరుగుతున్న అన్యాయం వెనక తాను దాక్కుంటున్నానని బస్సులో సగం దూరం వెళ్లాక అతనికి తట్టింది.

ఆ రోజు నుంచి అతని దినచర్య మారింది. ఆవిడ చదవడం అయ్యాక పలకని భోజనం సంచిలో వేసుకుని షాపుకి పోవడం, గుడ్డ కింద ఉత్త అట్టని నిలబెట్టి ఉంచడం, సాయంత్రం విప్పినదంతా మూసి, తెచ్చి మళ్లీ అట్టలో దూర్చడం. మంగళవారం పలక వీపు విప్పి, లోపలి బోర్డుకి మూడు సన్నటి తీగలు టంకం పెట్టి ల్యాప్‌టాప్‌కి కలిపాడు. అప్పటిదాకా చచ్చిందనుకున్న యంత్రం ఆ తీగల్లోంచి మాట్లాడటం మొదలుపెట్టింది. కెర్నెల్ లేస్తోంది, తెరని పిలుస్తోంది, బ్యాటరీని అడుగుతోంది. స్పర్శ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పూనకం వచ్చినట్టు తాకారు, తాకారు, తాకారు అని ఒకటే కేక. వేల వరుసలు. ఆ గోలలో మిగతా ఏ ప్రోగ్రామూ లేవలేకపోతోంది.

ఆ వరుసలన్నీ తాబేలుకి పంపించాడు. బుధవారం జవాబు వచ్చింది. "సున్నా పెడితే గాలి కూడా వేలే. కెర్నెల్‌ని లేపే చిన్న ప్రోగ్రాము బతికే ఉంది కాబట్టి కేబులు మీదుగా వేరే కెర్నెల్ ఎక్కించి, ముందు ఆమె వేలు ఎంత చదువుతుందో కొలవండి."

అల్లుడు నెత్తి కొట్టుకున్నాడు. ఇంతసేపూ పలక బల్ల మీద వెల్లకిలా, బోర్లా తిరుగుతూ, వీపున తీగలతో, రెండువందల పన్నెండో పేజీని అతని ముఖానికేసి చూపిస్తూనే ఉంది. నీ తలుపు నువ్వే మూసుకుని. ఆ వారంలో ఆ పేజీని అత్తగారి కంటే అతనే ఎక్కువసార్లు చదివాడు.

ఆ తలుపు మాట అత్తగారికి మరోరకంగా తగిలింది. ఆవిడకి రెండు వీధుల అవతల ఒక అక్క ఉంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. వాళ్లమ్మ వాడిన బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటుంటే, అమ్మ పోయాక దాన్ని అక్క పట్టుకెళ్లింది. ఇస్త్రీ పని చేసింది నేనైతే పెట్టె నీకెందుకని చెల్లెలు అప్పుడే నొచ్చుకుంది. తర్వాత ఒకసారి వెళ్లి చూస్తే, అక్క ఆ పెట్టెని వీధి తలుపుకి అడ్డుగా, నేల మీద పెట్టి ఉంది. అమ్మ వస్తువుని కాళ్ల దగ్గర పెట్టిందని చెల్లెలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. అది తొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పటినుంచీ మాటలు లేవు.

గురువారం పదకొండు గంటలప్పుడు అల్లుడు షాపులో పలక వీపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. తలెత్తితే ఎదురుగా అత్తగారు నిలబడి ఉంది. ట్రంకులోంచి తీసిన మంచి బట్టలు కట్టుకుంది. అతను గబగబా పలకని పక్కనున్న కాటా పళ్లెం మీద పెట్టి, పైన తువ్వాలు పడేశాడు. కాటా రెండువందల అరవై ఒకటి అని ఎర్ర అంకెల్లో చూపించింది.

"తువ్వాలు తూస్తున్నారా?" అంది ఆవిడ.

"కాటా పరీక్షండి."

ఆవిడ దాని జోలికి పోలేదు. బల్ల ముందున్న స్టూలు మీద కూర్చుని మెల్లిగా చెప్పింది. పేజీ నాలుగు రోజులనుంచీ తిరగడం లేదు. ఇదివరకు తిరగకపోతే సరిగ్గా చదవలేదనుకునేదాన్ని. ఈసారి అలా అనిపించడం లేదు. చదివింది చెయ్యలేదు గనక తిరగడం లేదనిపిస్తోంది. "నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఒక్కదాన్నీ వెళితే మళ్లీ గుమ్మంలోంచే తిరిగొస్తానేమోనని భయం. మీరు రండి బాబూ."

దేవుడు కాదండీ, ఆపింది నేను, అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. షాపు తాళం తీసుకున్నాడు.

అక్కగారి తలుపు బార్లా తెరిచి ఉంది. అడుగున ఇస్త్రీపెట్టె ఉంది. చెల్లెలు దాన్ని చూసింది, ముఖం మాడింది, కాలు వెనక్కి పడబోయింది. వెనక అల్లుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడాలో తోచక, వృత్తి అలవాటు కొద్దీ, "నాలుగు కిలోల మూడొందలు ఉంటుందండీ," అన్నాడు.

లోపల్నుంచి అక్కగారు వచ్చింది.

"అమ్మ పెట్టెని కాళ్ల దగ్గర పెట్టావు," అంది చెల్లెలు.

"ఈ తలుపు దానంతట అదే మూసుకుపోతుందే. గాలి కూడా అక్కర్లేదు. ఎన్ని పెట్టినా ఆగలేదు, అదొక్కటే ఆపింది." అక్కగారు కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు అప్పుడు వచ్చి వెళ్లిపోయావని పక్కింటావిడ చెప్పింది. మళ్లీ వస్తే మూసి ఉండకూడదని తొమ్మిదేళ్లుగా తీసే ఉంచాను. పిల్లులన్నీ వచ్చి పోయాయి. నీకు పెట్టె కనపడింది గాని తలుపు కనపడలేదు."

ఆ తర్వాత జరిగిందంతా ఇద్దరు పెద్దవాళ్ల ఏడుపు, దానికి రెట్టింపు దెప్పుళ్లు. అల్లుడు నేల చూపులు చూస్తూ మూడు కప్పుల టీ తాగాడు. పెట్టె పట్టుకుపో అని అక్క, వద్దు, తలుపుకి ఉండనీ అని చెల్లెలు గంటసేపు వాదించుకున్నారు. వచ్చేటప్పుడు అత్తగారు అతనితో అంది: "చూశారా బాబూ. పేజీ ఊరికే ఆగలేదు."

అతను ఆవిడని ఇంటి దగ్గర దింపి, పలక కోసం మళ్లీ షాపుకి పరుగెత్తాడు.

శనివారం పొద్దున షాపులో, మళ్లీ అరవై పెట్టి, వేలు తగిలినప్పుడల్లా ఎంత తగిలిందో అంకె చూపించేలా చేసి కంపైలు చేసిన కెర్నెల్‌ని కేబులు మీదుగా ఎక్కించాడు. తీగల్లో వరుసలు పరుగెత్తాయి. తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, రెండువందల పన్నెండో పేజీ మళ్లీ వచ్చింది. ఈసారి బతికిన పేజీ. తన వేలు పెడితే ఠక్కున తిరిగింది. ల్యాప్‌టాప్ తొంభై అని చూపించింది. అతను చప్పుడు కాకుండా వెనక్కి తిప్పాడు.

ఇక్కడితో ఆపేస్తే సరి. వీపు అతికించి, ఇంటికి తీసుకెళ్లి, గుడ్డ కింద పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అక్కాచెల్లెళ్లు కలిశారు. తన పద్దెనిమిదేళ్ల పేరు అలాగే ఉంటుంది. కాని అరవై అరవైగానే ఉంటుంది. మరో పంతొమ్మిది రోజులు ఆవిడ ఏదో ఒక పేజీ దగ్గర తన మనసుని తప్పుపట్టుకుంటూ కూర్చుంటుంది. పోనీ ఉజ్జాయింపుగా ఏదో అంకె పెడదామా అంటే, రాళ్లు పెట్టి చూడకుండా ఉజ్జాయింపున కాటా సరిచేసేవాళ్లని అతనే నడివీధిలో తిట్టి ఉన్నాడు. ఏ బరువు తూచాలో ఆ బరువే పెట్టి చూడాలి. ఇక్కడ ఆ బరువు అత్తగారి వేలు.

మధ్యాహ్నం ఇంట్లో భార్యకి చెప్పాడు. చెబితే అమ్మ మనసు విరిగిపోతుందేమో, దేవుడు ఆపాడనే కదా అక్క దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు కాదంటే ఆ రాజీ కూడా పోతుందేమో అని నసిగాడు. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండా, జవాబు సరైనదే అయినా లెక్క తప్పు చేసినవాళ్లకి నేను సగం మార్కులే వేస్తానంది.

అతను విప్పిన పలకనీ ల్యాప్‌టాప్‌నీ పళ్లెంలో టీ తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని అత్తగారి ముందు పెట్టాడు. మొదటినుంచీ చెప్పాడు. అరవై, సున్నా, భోజనం సంచి, ఉత్త అట్ట, తువ్వాలు, ఏదీ దాచలేదు. ఆవిడ వీపు లేని పలకవైపు చాలాసేపు చూసింది.

"అంటే ఇన్నాళ్లూ నేను చచ్చిపోయినదాన్ని చదివానా?"

"అవునండి."

"దేవుడు ఆపలేదన్నమాట."

"నేనే ఆపానండి. ఆదివారం మధ్యాహ్నం."

"ఆదివారమే ఎందుకు?"

"షాపు సెలవండి."

"అంతకు ముందు ఆదివారం కూడా సెలవేగా. అప్పుడెందుకు ఆపలేదు?"

"అప్పుడు కంపైలు అవలేదండి. ఏదో ఫైలు లేదంది. సోమవారం చూస్తే ఉంది."

"ఆదివారం ఎందుకు లేదు?"

అతను ఆలోచించాడు. "తెలియదండి."

"తెలియదు కదా," అంది ఆవిడ. ముఖం కొంచెం తేటపడింది. "ముందు ఆదివారం రెండువందల ఎనిమిదో పేజీలో ఉన్నాను. అందులో ఆచితూచి, తక్కువ మాట్లాడమని ఉంది. అది గనక వారం చదివి ఉంటే అక్కతో అసలు మాట్లాడేదాన్నే కాదు."

సున్నా తను పెట్టాడు. ఆ మాట నిజం. పలక ఏ పేజీ దగ్గర ఆగాలో తను ఎంచలేదు. ఆ మాటా నిజమే. రెంటినీ ఒకే పళ్లెంలో ఎలా పెట్టాలో తూకాలాయనకి తెలియలేదు.

"చెప్పకుండా తీసుకెళ్లినందుకు మాత్రం శిక్ష ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను," అని ఆవిడ చెయ్యి చాపింది. "ఎక్కడ పెట్టాలి వేలు?"

పెట్టింది. ల్యాప్‌టాప్ మీద ఇరవై మూడు అని పడింది. మళ్లీ పెట్టింది. ఇరవై నాలుగు. మళ్లీ, ఇరవై మూడు.

"తక్కువా?"

"నాది తొంభై అండి. ఇది అరవై కంటే తక్కువైతే లెక్కచెయ్యదు. మీ వేలికి కాస్త తడి ఉన్న రోజునే అరవై దాటి ఉంటుంది." అతను అంకెలు కనపడేలా ల్యాప్‌టాప్‌ని ఆవిడవైపు తిప్పాడు. "మీరు సరిగ్గానే చదివారండి అత్తయ్యా. మూడేళ్లూ సరిగ్గానే చదివారు. ఇదే సరిగ్గా తూచలేదు."

ఆవిడ ఆ వేలిని వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఎవరిదో వేలిని చూసినట్టు చూసుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

ఆవిడ అంకెకి కాస్త కిందగా పద్దెనిమిది పెట్టి కంపైలు చేశాడు. ఈసారి పాతదానికి నకలు కూడా తీశాడు. ఆదివారం సాయంత్రం పలక వీపు అతికించి ఇచ్చాడు. ఆవిడ ఒక్కసారి, పువ్వుని తాకినట్టు తాకింది. రెండువందల పదమూడో పేజీ వచ్చింది. మళ్లీ తాకింది, పద్నాలుగు. వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, చిన్నపిల్లలా పది నిమిషాలు ఆడుకుని, పదమూడు దగ్గర పెట్టి గుడ్డ కప్పింది. ఆ రాత్రి అతను కడుపునిండా తిన్నాడు. పద్దెనిమిదేళ్ల పేరు నిలబడింది.

సోమవారం ఏడింటికి అక్కగారు వచ్చింది. ఒక్కరోజు వచ్చి వింటానని ఆవిడే అందట. చెల్లెలు పేజీ మూడుసార్లు చదివింది. అల్లుడు గుమ్మం దగ్గర, పెళ్లిలో వంటవాడు మొదటి పంక్తి లేచేటప్పుడు నిలబడ్డట్టు, మెప్పు కోసం నిలబడ్డాడు. అత్తగారు వేలు చాపింది. తెరకి వెంట్రుకవాసి దూరంలో గాలిలోనే మూడుసార్లు ఆడించి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమిటోనే అక్కా, నా వేలు దీనికి ఆనదు. నువ్వు తిప్పు."

అల్లుడి నోరు తెరుచుకుంది. అక్కగారు అతనివైపు తిరిగింది. "ఏమయ్యా, వారం రోజులు విప్పి కూర్చున్నావని చెప్పింది. ఆఖరికి ఇదేనా నీ వైభోగం?"

అత్తగారు అక్క భుజం మీదుగా అతనివైపు చూసింది. ఆ చూపులో శిక్ష ఏమిటో ఉంది. అతను తెరిచిన నోరు మూశాడు. వంటింట్లో భార్య గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"కుదరలేదండి పెద్దత్తా," అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.

"అయితే రోజూ నేనే రావాలన్నమాట," అంటూ అక్కగారు ఉత్సాహంగా ముందుకి జరిగి, టెలిఫోను మీటలు నొక్కిన వేలితో పేజీ తిప్పింది.

బడికి బయల్దేరుతూ కూతురు గుమ్మంలో ఆగింది. "ఇంకొకరు తిప్పకూడదన్నావుగా అమ్మా?"

"అక్క ఇంకొకరా?" అంది అత్తగారు, గుడ్డ కప్పుతూ.

షాపుకి వెళ్లేసరికి తాబేలు అడిగి ఉన్నాడు. "కెర్నెల్ బూట్ అయిందా? వేలు ఆనిందా?" అల్లుడు "రెండూ అయ్యాయి. అయితే మా ఇంట్లో అవలేదనే లెక్క," అని రాశాడు.

మర్నాడు జవాబు వచ్చింది. ఈసారి ఒకటే వాక్యం. "నాకూ ఒక అత్తగారు ఉన్నారు."